ఇంటి వైఫైలో పాత క్రొత్త యంత్రముల పొత్తు

2020లో పాఠశాలలు మూతపడినపుడు మా చిన్నమ్మాయి సెల్‌ఫోనులో పాఠములు వినుచుండెను. ఉపాధ్యాయుని బొమ్మ మాటిమాటికి నిలిచిపోవుచుండెను. "శ్రద్ధ లేక సాకులు చెప్పుచున్నావు" అని బిడ్డను కోపగించితిని. తప్పు బిడ్డది కాదని రెండు దినముల తరువాత తెలిసినది. అదే వేళకు నా పాత కంప్యూటరు వైఫై ద్వారా ఫొటోలు పంపుచుండెను. తల్లిదండ్రులు నావలె పొరబడకుండుటకై ఈ పాఠము వ్రాయుచున్నాను.

వైఫై అనగా తీగ లేకుండ రేడియో తరంగములచే సమాచారము పంపు పద్ధతి. దీనికి తరములు కలవు. 1999 నాటి 802.11బి గరిష్ఠవేగము సెకనునకు 11 మెగాబిట్లు; 2003 నాటి 802.11జి వేగము 54. 2009 నాటి 802.11ఎన్ వేగము 600 వరకు. 2013లో 802.11ఏసీ, 2021లో 802.11ఏఎక్స్ వచ్చినవి. ఇవి లెక్కకు చెప్పు వేగములే. ఇంటిలో అంత లభింపదు.

మన పావగడ అంగడివాడు ఒకరితో తెలుగున, మరియొకరితో కన్నడమున మాటలాడును గదా! క్రొత్త రౌటరును అట్లే పాత యంత్రముతో పాత భాషలోనే మాటలాడును. కావున రెండును కలిసి పనిచేయును. చిక్కు వేరొకచోట నున్నది. ఒక చానెలుపై ఒక సమయమున ఒక్కరే మాటలాడవలెను. తరగతిలో నెమ్మదిగా చదువు బాలుడు పుట ముగించువరకు తక్కినవారు వేచియుండునట్లు, పాత యంత్రము ముగించువరకు క్రొత్తవి కాచుకొనవలెను. 54 మెగాబిట్ల యంత్రము ఒక క్షణములో పంపుదానికి 11 మెగాబిట్ల యంత్రమునకు సుమారు ఐదు క్షణములు పట్టును. పాత యంత్రము ఊరక యున్నచో నష్టము స్వల్పమే. ఎడతెగక పనిచేసినపుడే బాధ.

ఇందుకు చేయవలసినవి:

1. కదలింపనక్కరలేని పాత కంప్యూటరును కేబులుతో రౌటరునకు కలుపవలెను. మా యింట ఇంతమాత్రముననే పాఠము సాగినది.

2. రౌటరునకు 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండు నున్నచో, పాతవానిని మొదటిదానను, క్రొత్తవానిని రెండవదానను ఉంచవలెను. 5 గిగాహెర్ట్జ్ తరంగములు గోడలను దాటుటలో బలహీనములు. రాతిగోడల యింట బిడ్డ రౌటరునకు దగ్గరగా కూర్చుండవలెను.

3. పాత యంత్రము కొఱకు భద్రతను తగ్గింపరాదు. వెప్ అను తొలినాటి రక్షణ 2001 నాటికే భేదింపబడినది. కనీసము డబ్ల్యూపీఏ2 ఉండవలెను. అదియు నెరుగని యంత్రమును వైఫై నుండి తొలగింపవలెను.

4. క్రొత్తది కొనుటకు ముందు, పాఠపు వేళ పాతవానిని ఆపి చూడవలెను. అప్పుడును బొమ్మ నిలిచిన, లోపము ఇంటర్నెట్టు లైనులోనో, రౌటరు దూరముననో ఉండవచ్చును.

తల్లిదండ్రులారా! బిడ్డను దండించుటకు ముందు యంత్రమును పరీక్షింపుడు. కేబులు కొనుట సులభము. అకారణముగ నొచ్చిన పసిమనస్సును ఊరడించుట సులభము కాదు.