బోయజు పొలములోని పరిగె
(పాటలు, పాఠములు ఒకరికొకరు పంచుకొనుటను గూర్చిన పాఠము)

ధ్యానభాగములు: లేవీయకాండము 19:9, 10, ద్వితీయోపదేశకాండము 23:24, 25, రూతు 2వ అధ్యాయము.



ఈ నెల పాఠమును సంఘపెద్దలును, సండేస్కూలు ఉపాధ్యాయులును, పాటలు వ్రాయువారును ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాము. మన సంఘములలో పాటల పుస్తకము అచ్చువేయింతురు, క్రిస్మసు నాటకమును జెరాక్సు తీయింతురు, సెల్‌ఫోనులో వచ్చిన బొమ్మను ఫ్లెక్సీ మీద వేయింతురు. ఇవి ఎవరివని అడిగినచో, దేవుని పనికే గదా అని జవాబు వచ్చును. మరికొందరు దీనికి విరుద్ధముగా భయపడి, కర్త ధారాళముగా ఇచ్చిన పాఠమును సైతము పిల్లలకు తీసి ఇయ్యరు. ఈ రెండు చిక్కులును తెలియకపోవుట వలననే కలుగుచున్నవి.

మొదట ధర్మశాస్త్రములోని పొలమును చూతము. కోతవేళ పొలము గట్టు అంచువరకు కోయవద్దనియు, రాలిన వెన్నులను ఏరుకొనవద్దనియు యజమానునికి ఆజ్ఞ కలదు. అది బీదవాని భాగము. పొరుగువాని ద్రాక్షతోటకు పోయినవాడు కడుపునిండ తినవచ్చును గాని గంపలో వేసికొనరాదు. వెన్నులు చేతితో త్రుంచుకొనవచ్చును గాని కొడవలి పెట్టరాదు. గమనించుడి: పొలమునకు యజమానుడున్నాడు, పొరుగువానికి హక్కున్నది, ఆ హక్కునకు మేర యున్నది. మూడును ఒకచోటనే యున్నవి.

మన దేశములో 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ఇంచుమించు ఇట్లే నడచుచున్నది. పాటగాని పుస్తకముగాని వ్రాసినవాని జీవితకాలమంతయు, మరణించిన తరువాత 60 సంవత్సరములును హక్కు నిలుచును. పూర్వము 50 సంవత్సరములే. 1941లో మరణించిన రవీంద్రనాథ ఠాగూరు రచనల గడువు తీరినప్పుడు, 1992లో దానిని 60గా చేసిరి. గడువు తీరినది అందరిదగును. పురుషోత్తమ చౌదరిగారు 1890లో ప్రభువునందు నిద్రించిరి గనుక ఆయన కీర్తనలను ఎవరైనను అచ్చువేసికొనవచ్చును. అయితే అదే కీర్తనను ఈ కాలపు గాయకుడొకడు పాడి రికార్డు చేసినచో, ఆ రికార్డుకు వేరే హక్కుదారుడుండును. ఇక్కడనే చాలమంది పొరబడుదురు.

చట్టము విడిచిన పరిగె 52వ సెక్షనులో నున్నది. ఉచితముగా వచ్చిన జనుల యెదుట సంఘము పాట పాడుటకు, నాటకమాడుటకు ఎవరి సెలవును అక్కరలేదు. ఆదివారమున ఏ పాట పాడవలెనన్నను పాస్టరుగారు భయపడనక్కరలేదు. బోధనలో ఉపాధ్యాయుడును విద్యార్థియు నకలు తీసికొనుటకును చోటున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయములో విద్యార్థులకు పుస్తక భాగములు జెరాక్సు తీసి యిచ్చుచున్నారని పెద్ద ప్రచురణకర్తలు 2012లో దావా వేసిరి. బోధనకు కావలసినంత మట్టుకు అట్లు తీయుట తప్పుకాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పెను. మరుసటి సంవత్సరము వారు దావా విరమించుకొనిరి. అయితే బ్రతికియున్న కవుల పాటలు నూరు ఏర్చికూర్చి, అడుగకుండ వెయ్యి ప్రతులు అచ్చువేసి అమ్ముట పరిగె కాదు. అది కొడవలి పెట్టుటయే.

ఇప్పుడు రూతు 2వ అధ్యాయమునకు రండి. ఆమె మొదట కోతవారిమీదనున్న పనివానిని సెలవడిగి పరిగెకు దిగెను. అది చట్టప్రకారమైన పరిగె. పిమ్మట బోయజు చేసినది చట్టములో లేదు. పనల మధ్యను కూడ ఆమెను ఏరుకొననియ్యుడనియు, కట్టలలోనుండి కొన్ని వెన్నులు కావలెనని లాగి ఆమె కొరకు విడువుడనియు పనివారికి ముందుగానే చెప్పెను. ఇక ఆమె వెన్ను వెన్నుకును వచ్చి అడుగనక్కరలేదు. యంత్రములతో కోయు ఈ దినములలో మన పిల్లలకు పరిగె యనగా ఏమో తెలియదు. సండేస్కూలులో దీనిని ముందు వివరించుట మంచిది.

బోయజు చేసిన ఈ పనికి పోలిన ఏర్పాటొకటి మన కాలమున గలదు. దాని పేరు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. 2001లో అమెరికాలో ఆ సంస్థ స్థాపింపబడెను. 2002 డిసెంబరులో మొదటి లైసెన్సులు వెలువడెను. వ్రాసినవాడు తన హక్కును పారవేయడు. వాడుకొనుడని అందరికిని ముందుగానే వ్రాసి యిచ్చును, దానితో తన షరతులు చెప్పును. వలయములో సి.సి. అను అక్షరములు కనబడినచో అక్కడ ఆగి చదువవలెను. బి.వై. అనగా నా పేరు చెప్పుము. ఎస్.ఏ. అనగా నీవు మార్చి పంచినదానిని ఇదే షరతుతో ఇతరులకును ఇమ్ము. ఎన్.సి. అనగా వ్యాపారమునకు వాడవద్దు. ఎన్.డి. అనగా మార్చినదానిని పంచవద్దు. ఈ చివరిదానిని మనము బాగుగా చూచుకొనవలెను, ఏలయనగా అనువాదమును మార్పే. ఎన్.డి. గల ఇంగ్లీషు పాఠమును ఉన్నది ఉన్నట్లు జెరాక్సు తీసి పంచవచ్చును గాని, తెలుగుచేసి పంచుటకు కర్తను అడుగవలసినదే.

ఇట్లు ఇచ్చినవి మనకు సమీపముననే యున్నవి. 2019లో వెలువడిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు బైబిలు బి.వై.-ఎస్.ఏ. లైసెన్సుతో ఇయ్యబడినది. పేరు చెప్పి దానిని అచ్చువేయవచ్చును, అమ్మవచ్చును కూడ. ఇది విని కొందరు ఆశ్చర్యపడుదురు. అన్‌ఫోల్డింగ్‌వర్డ్ అను సంస్థవారి ఓపెన్ బైబిల్ స్టోరీస్ 50 కథలు, స్వీట్ పబ్లిషింగ్ వారి బొమ్మలతో సహా, ఇట్టివే. ఈ కథలు తెలుగులోను ఉన్నవి. మన కరపత్రములలోని అక్షరములు సైతము కొన్ని ఇట్టి దానములే. మండలి, రామభద్ర, సూరన్న మొదలగు తెలుగు అచ్చుల లైసెన్సును సిద్ధపరచినది ఎస్.ఐ.ఎల్. అను సంస్థ, అది బైబిలు అనువాదములలో పని చేయునదే. ఆ అచ్చులతో ఏదైనను ముద్రింపవచ్చును గాని, అచ్చును మాత్రమే విడిగా అమ్మరాదు. ద్రాక్షతోటలో గంప పెట్టవద్దన్నట్లు!

పేరు చెప్పుట చిన్న సంగతియని తలంపవద్దు. రూతు సాయంకాలము యవలతో ఇంటికి రాగా, అత్త ఎక్కడ ఏరితివని అడిగెను. కోడలు బోయజు పేరు చెప్పెను. ఆ పేరు విన్నందుననే అతడు తమ సమీప బంధువని నయోమి గుర్తుపట్టెను. అక్కడనుండి కథయే మారెను. పేరు చెప్పనిచో ఆ ఇంటికి యవలు మాత్రమే దక్కియుండును. పాఠములోను ఇట్లే. కర్త పేరున్నచో తప్పు దొరికినప్పుడు అడుగవచ్చును, మిగిలిన పాఠములను తెప్పించుకొనవచ్చును. వాట్సాపులో పేరు కోసివేసి పంపినదానికి ఇవి రెండును లేవు.

ఇంతవరకు పుచ్చుకొనుటను గూర్చి చెప్పితిమి. మన పల్లె సంఘములలో పాటలు వ్రాసిన పెద్దలును, పిల్లలకు పాఠములు కట్టిన బైబిలు స్త్రీలును ఉన్నారు. అవి నోటుపుస్తకములలో నున్నవి. వారు మరణించిన పిమ్మట హక్కు పిల్లలకు పోవును. ఒకడు హైదరాబాదులో, ఒకతె గల్ఫులో నుందురు. అందరిని వెదకి సెలవడుగలేక, పుస్తకము వేయువారు ఆ పాటను విడిచిపెట్టుదురు. అరువది సంవత్సరములకు ఆ నోటుపుస్తకము చెదలపాలగును. ఎస్.ఏ. షరతు ఇట్టివారికి తగినదని మా అభిప్రాయము, ఏలయనగా వారి పాటను మరియొకడు మార్చి అచ్చువేసి, ఆ మార్చినదానికి తాళము వేయజాలడు. అయితే ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనుకకు తీసికొన వీలుకాదు గనుక ఇంటివారితో ముందుగా మాటలాడవలెను.

వ్రాయవలసినది ఇంతే: “ఈ పాటలు నేను వ్రాసినవి. ఎవరైనను పాడవచ్చును, అచ్చువేయవచ్చును, మార్చవచ్చును. నా పేరు చెప్పవలెను, మార్చినదానిని ఇదే షరతుతో ఇయ్యవలెను. క్రియేటివ్ కామన్స్ బి.వై.-ఎస్.ఏ. 4.0.” క్రింద పేరు, ఊరు, తేదీ, చేవ్రాలు ఉండవలెను. వ్రాయనేరని పెద్దవారు చెప్పగా మనుమలు వ్రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ఆ కాగితమును పాటల నోటుపుస్తకముతో కూడ సంఘ రికార్డులలో భద్రపరచవచ్చును.