కట్టెలపొయ్యి ముందు మస్తానమ్మ

గ్రంథాలకెక్కని విజ్ఞానం ఎంతో మన పెద్దల చేతులలో దాగి ఉంటుంది. వారు కన్నుమూసిననాడు అదీ వారితోనే కనుమరుగవుతుంది. గుంటూరు జిల్లా తెనాలి సమీపాన ఉన్న గుడివాడ గ్రామవాసి కర్రె మస్తానమ్మ విషయంలో మాత్రం అలా జరగలేదు.

మస్తానమ్మకు 11వ ఏట వివాహమైంది. 22వ ఏట భర్త మరణించాడు. నాటి నుండి కూలిపనులే ఆమెకు జీవనాధారమయ్యాయి. నూరేళ్ళు దాటిన తరువాత కూడా ఆమె తన వంట తానే చేసుకొనేది.

2016లో ఆమె వంకాయ కూర వండుతుండగా మునిమనుమడు తన మిత్రునితో కలిసి చిత్రీకరించి యూట్యూబ్‌లో ఉంచాడు. 'కంట్రీ ఫుడ్స్' అలా ఆరంభమైంది. ఆరుబయట కట్టెలపొయ్యి, మసాలా నూరడానికి రాయి - ఇవే ఆమె పరికరాలు. అల్లం పొట్టును గోళ్ళతోనే తీసేది. పుచ్చకాయ డొల్లలో ఆమె వండిన కోడికూర దేశదేశాల వారిని అబ్బురపరచింది. చందాదారుల సంఖ్య పది లక్షలు దాటింది.

2018 డిసెంబరులో మస్తానమ్మ మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 107 ఏళ్ళని చెబుతారు. కీర్తి దక్కింది చివరి రెండేళ్ళలోనే. ఆ రెండేళ్ళలో ఆమె వంట కొత్తగా నేర్చుకోలేదు. చూసేవారే కొత్తగా వచ్చారు. ఆమె వంటి అవ్వలు ఊరూరా ఉన్నారు. వారి చేతి నేర్పు వారితోనే అంతరించకుండా ఉండాలంటే, పక్కన కూర్చుని అడిగి తెలుసుకొనే మనుమడో, మనుమరాలో ఉండాలి. అవ్వ ఉన్నప్పుడే ఆ పని జరగాలి.