ప్యాంటు సైజు చెప్పని నడుము కొలత

నోయిడా, గురుగ్రామ్ ఆఫీసుల్లో చాలా చోట్ల ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉంటుంది. రిపోర్టు రాగానే మనవాళ్లు ముందు షుగర్ చూస్తారు. పరగడుపున 98 ఉంటే హమ్మయ్య అనుకుని ఫైలు మూసేస్తారు. ఆ కిందే రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 190, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36 అని ఉన్నా కన్ను అటు పోదు. గొడవ మొదలయ్యేది మాత్రం అక్కడే.

ఆ అంకెల వెనక తరచూ ఉండేది పొట్ట కొవ్వు. కొవ్వు ఊరికే పడి ఉండదు, హార్మోన్లు వదులుతుంది. 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టిన లెప్టిన్ 'ఇక చాలు' అని మెదడుకు చెబుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ లెప్టిన్ కూడా పెరుగుతుంది, కానీ మెదడు దాని మాట సరిగా వినదు. అడిపోనెక్టిన్‌ది ఇంకో దారి. ఇన్సులిన్‌కు చేదోడుగా ఉండే ఈ హార్మోను పొట్ట పెరిగితే తగ్గిపోతుంది.

సన్నగానే ఉన్నాం కదా అనుకోవద్దు. పుణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్‌కిన్ పక్కపక్కనే నిలబడ్డ ఫొటో 2004లో లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2.

ఇందులో జన్యువుల వాటా కూడా ఉంది. అడిపోనెక్టిన్ తయారీకి సూచనలిచ్చే జన్యువులో మనిషికీ మనిషికీ తేడాలుంటాయి. బరువుతో ముడిపడిన ఎఫ్‌టీఓ అనే జన్యువులోని మార్పులకు, భారతీయుల మధుమేహానికి ఉన్న సంబంధం ఒక్క బరువు వల్లే కాదని పుణే, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు 2009లో చూపించారు. అలాగని వేలు పోసి జీన్ కిట్ కొనకండి. ఒక్కో మార్పు ప్రభావం చాలా చిన్నది. ఇంటికి ఫోన్ చేసి నాన్నకు, మేనమామకు షుగర్, బీపీ ఏ వయసులో వచ్చాయో అడగండి. నా లెక్కలో అంతకన్నా పనికొచ్చే పరీక్ష లేదు, పైసా ఖర్చు లేదు.

తర్వాత టేపు తీయండి. ప్యాంటు 34 అంటారా? అది పొట్ట కిందికి జారిన ప్యాంటు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 చేరితే ఒక గుర్తు పడ్డట్టే. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఆపైన, హెచ్‌డీఎల్ మగవారికి 40, ఆడవారికి 50 లోపు, బీపీలో పై అంకె 130 లేదా కింది అంకె 85 చేరడం, పరగడుపు షుగర్ 100 చేరడం మిగతా నాలుగు. అయిదింటిలో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే గుర్తుల గుంపు. వాయిదా వేయకుండా ఫిజీషియన్‌ను కలవండి.

నైట్ షిఫ్టు వాళ్లకు ఇంకో చిక్కు. నిద్ర చాలకపోతే ఆకలి మీద పట్టు పోతుంది, తెల్లారి క్యాబ్ దిగగానే ఛోలే భటూరే పిలుస్తాయి. ఢిల్లీ ఏపీ భవన్ క్యాంటీన్‌కు వెళ్లండి, వద్దనను. రెండోసారి అన్నం బదులు పప్పు, కూర వేయించుకోండి. నవంబరు పొగలో పొద్దున్నే పార్కు నడక వద్దు. ఇంట్లోనే గుంజీలు తీయండి, బరువులెత్తండి.

రక్తం ఇచ్చే ముందు రాత్రి మందు పార్టీ ఉంటే పరీక్ష వాయిదా వేయించుకోండి, లేకపోతే ట్రైగ్లిజరైడ్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి.