దినచర్య పుస్తకంలో మొదటి పేజీ

కొత్త సంవత్సరం రాగానే చాలామంది డైరీ కొంటారు. కొందరు ఫోన్‌లోనే పనుల జాబితా రాసుకుంటారు. రెండు వారాలు శ్రద్ధగా రాస్తారు, మూడో వారానికి అది మూలన పడుతుంది. ఆ పుస్తకం దేనికోసమో తేల్చుకోకుండా మొదలుపెట్టడమే ఇందుకు ప్రధాన కారణం. విశ్వాసి విషయం వేరు. తన ప్రతి మాటా, ప్రతి చేతా గౌరవనీయులైన దైవదూతలు నమోదు చేస్తున్నారని అతను విశ్వసిస్తాడు (ఇన్‌ఫితార్ : 10-12). చిన్నదీ పెద్దదీ ఏదీ వదలని ఆ కర్మల చిట్టాను చూసి అపరాధులు ప్రళయదినాన వణికిపోతారని ఖుర్ఆన్ హెచ్చరించింది (కహఫ్ : 49). అక్కడ లెక్క చెప్పుకోవలసినవాడు ఇక్కడ లెక్క రాసుకోకుండా ఎలా ఉండగలడు?

ఖుర్ఆన్‌లో అతి పెద్ద ఆయత్

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అందులో ఉన్నది నమాజు విషయమో, హజ్ విషయమో కాదు, అప్పు రాసుకునే పద్ధతి. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవాలని అల్లాహ్ ఆదేశించాడు. రాసేవాడు న్యాయంగా రాయాలి. అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలి. అతను అశక్తుడైతే అతని తరఫు పెద్ద చెప్పాలి. సాక్షులు ఉండాలి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాయడానికి విసుగు చెందకూడదు. ఇది న్యాయానికి దగ్గర, సాక్ష్యానికి బలం, అనుమానాలకు దూరం అని కారణాలు కూడా ఆ ఆయత్‌లోనే ఉన్నాయి. అక్కడికక్కడే చేతులు మారే నగదు బేరం రాయకపోయినా దోషం లేదన్న సౌలభ్యమూ ఉంది.

పరస్పర నమ్మకం ఉన్నచోట రాయకపోవడానికి తర్వాతి ఆయత్ అవకాశం ఇస్తున్నందున, అధిక సంఖ్యాక ధర్మశాస్త్ర పండితులు ఈ ఆదేశాన్ని విధిగా కాక ప్రోత్సాహకరమైనదిగా పరిగణించారు. కాని మన వాడుక దీనికి పూర్తిగా తలకిందులైంది. “మనలో మనకు కాగితమేమిటి?” అనడం మర్యాదగా, కాగితం అడగడం అవమానంగా చలామణి అవుతోంది. అన్నదమ్ముల మధ్య, బావబావమరుదుల మధ్య తగాదాలు చాలావరకు ఆ మర్యాదలోంచే పుడుతున్నాయి.

“ఏ షాబాన్?”

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఆయన ముందుకు ఒక పత్రం వచ్చింది. దాని గడువు షాబాన్ నెల అని రాసి ఉంది. ఆయన అడిగారు: ఏ షాబాన్? గడిచినదా, ఇప్పుడున్నదా, రాబోయేదా? ఆ తర్వాత సహాబాలతో సంప్రదించి, దైవప్రవక్త (సఅసం) మక్కా నుండి మదీనాకు వలస వెళ్ళిన సంవత్సరాన్ని మొదటిదిగా లెక్కించే హిజ్రీ శకాన్ని స్థిరపరిచారని చరిత్రకారులు రాశారు. మన ఇళ్ళలో గోడ మీద వేలాడే హిజ్రీ క్యాలెండర్ వెనుక తేదీ సరిగా లేని ఒక కాగితం ఉందన్నమాట.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పాత కుటుంబాలకు ఈ పాఠం త్వరగా బోధపడుతుంది. నిజాం రాజ్యంలో 1884లో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. భూమి కాగితాలలో ఫస్లీ సంవత్సరం వేసేవారు. 1358 ఫస్లీ అంటే 1948-49 అని విడమరచి చెప్పేవారు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? తాత ఉర్దూలో రాసిన లెక్కల పుస్తకం పెట్టెలో భద్రంగా ఉన్నా, తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివిన మనవడికి అది అర్థంకాని గీతలే. కాబట్టి రెండు నియమాలు గుర్తుంచుకోండి. ఏది రాసినా రోజు, నెల, సంవత్సరం మూడూ వేయండి. మీ తర్వాత మీ ఇంట్లో ఉండేవారు చదవగలిగే లిపిలో రాయండి.

మొదటి పేజీ : ఇతరుల హక్కులు

అందరూ డైరీలో మొదట తమ పనులు రాసుకుంటారు. విశ్వాసి మొదటి పేజీ ఇతరులది. ఎందుకో ఈ హదీసు చూడండి. ఒక జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) మృతునికి అప్పు ఉందా అని విచారించారు. మూడు దీనార్ల అప్పు ఉందనీ, తీర్చడానికి అతను ఏమీ వదిలి వెళ్ళలేదనీ తెలిసింది. మీ సహచరుని జనాజా నమాజు మీరే చేసుకోండని ఆయన అన్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన బాధ్యత అని ప్రకటించిన తర్వాతనే నమాజు చేయించారు (బుఖారీ). తర్వాతి కాలంలో సంపద సమకూరినప్పుడు అలాంటి అప్పులను దైవప్రవక్త (సఅసం) స్వయంగా తీర్చేవారు. అయినా మూడు దీనార్ల విషయంలోనే అంత జాగ్రత్త ఉంటే, మన బాకీల సంగతేమిటి?

పత్తి విత్తనాలు, ఎరువులు దుకాణంలో ఉద్దెర తెచ్చి, పంట వచ్చాక ఇస్తామనే రైతు ఆ మొత్తాన్ని దుకాణదారు పుస్తకంలోనే కాక తన పుస్తకంలోనూ రాసుకోవాలి. బత్తాయి తోట కాపును మాట్లాడుకున్నవారు ఎంతకు మాట్లాడారో, ఎంత బయానా ఇచ్చారో ఇద్దరి సంతకాలతో రాసుకోవాలి. పాలమూరు నుండి కూలీలను దూర ప్రాంతాలకు తీసుకెళ్ళే మేస్త్రీ చేతిలోని హాజరీ పుస్తకం అన్నిటికన్నా బరువైన అమానత్. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, అడ్వాన్సులో ఎంత తెగింది, ఇంకా ఎంత ఇవ్వాలి అన్నది ఆ పుస్తకమే చెప్పాలి. చదువురాని కూలీకి ప్రతి వారం ఆ లెక్క చదివి వినిపించడం మేస్త్రీ బాధ్యత. ఒక్క రోజు హాజరీ తగ్గించి రాసిన కలం ప్రళయదినాన అతనికి వ్యతిరేకంగా సాక్ష్యమిస్తుంది.

ఇంట్లోని బాకీలు కూడా ఈ పేజీలోనే ఉండాలి. నికాహ్ నాడు తర్వాత ఇస్తామని ఒప్పుకున్న మహర్ భర్త మీద ఉన్న అప్పు. భార్య నగలు తాకట్టు పెట్టి వ్యాపారంలో పెట్టుబడి పెడితే, అది ఆమె ఇచ్చిన కానుకా, అప్పా అన్నది ఆ రోజే స్పష్టం చేసి రాయాలి. మనకు రావలసినవీ రాయాలి. పొరుగువారు దాచమని ఇచ్చిన సొమ్మూ రాయాలి. వడ్డీ లావాదేవీకి మాత్రం మన కలంలో సిరా లేదు. వడ్డీ తినేవాడిని, ఇచ్చేవాడిని, దాన్ని రాసేవాడిని, సాక్షులను దైవప్రవక్త (సఅసం) శపించారు (ముస్లిం).

వసీయత్ చేయదగినది ఏదైనా ఉన్న ముస్లిం, దాన్ని రాసి దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదని ఆయన బోధించారు (బుఖారీ, ముస్లిం). ఆ మాట విన్ననాటి నుండి తన వసీయత్ తన వద్ద లేకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) చెప్పారు. వారసులకు ఆస్తి పంచేముందు వసీయత్‌ను, అప్పులను తీర్చాలని నిసా సూరా ఆదేశిస్తోంది. అప్పే తెలియని వారసులు దాన్ని ఎలా తీర్చగలరు?

రెండో పేజీ : అల్లాహ్ హక్కులు

తప్పిపోయిన నమాజులు, ఉపవాసాలు మనసులో లెక్క పెట్టుకుంటే నిలవవు. రమజాన్‌లో స్త్రీలకు తప్పిన ఉపవాసాల సంఖ్యను ఈద్ మరునాడే రాసి, పూర్తి చేసిన కొద్దీ కొట్టివేస్తూ పోవడం మంచి పద్ధతి. తనకు మిగిలిన రమజాన్ ఉపవాసాలను షాబాన్‌లోనే పూర్తి చేయగలిగేదాన్నని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు (బుఖారీ). అంటే లెక్క ఆమె మనసులో స్పష్టంగా ఉంది, గడువు కూడా స్పష్టంగా ఉంది.

జకాత్ తేదీ మరో ముఖ్య విషయం. మీరు ఏ హిజ్రీ తేదీన నిసాబ్‌కు యజమాని అయ్యారో ఆ తేదీ రాసుకోండి. కొందరు వ్యాపారులు సౌకర్యం కోసం మార్చి 31న లెక్క చూస్తారు. హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. ఇంగ్లీషు లెక్కన 33 సంవత్సరాలు గడిచేసరికి హిజ్రీ లెక్కన 34 పూర్తవుతాయి. అంటే జీవితకాలంలో ఒక ఏడాది జకాత్ చడీచప్పుడు లేకుండా పేదల చేతికి అందకుండా పోతుంది. దాన్ని ఎవరూ దొంగిలించలేదు, రాసుకున్న తేదీ తప్పు.

మూడో పేజీ : ఈ రోజు పనులు

ఇప్పుడు మన పనులు. నమాజు నిర్ణీత వేళల్లో విశ్వాసులకు విధి చేయబడిందని ఖుర్ఆన్ చెబుతోంది (నిసా : 103). రోజును అయిదు భాగాలు చేయడానికి ఇంతకన్నా మంచి కొలత ఎక్కడుంది? ‘పదిన్నరకు బ్యాంకు’ అని గంటల్లో రాసి, మధ్యలో నమాజును ఇరికించకండి. ఫజ్ర్ తర్వాత ఏమి, జుహ్ర్ లోపు ఏమి, అస్ర్ తర్వాత ఏమి, మగ్రిబ్ తర్వాత ఏమి అని రాయండి. ఉదాహరణకు ఫజ్ర్ తర్వాత తిలావత్, పిల్లల సబఖ్. జుహ్ర్ లోపు మండల ఆఫీసు, ఎరువుల దుకాణం. అస్ర్ తర్వాత ఒక రోగి పరామర్శ. మగ్రిబ్ తర్వాత ఇంటివారితో సమయం.

పనులు తక్కువ రాయండి. అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవి కొద్దిగానైనా నిరంతరం చేసే పనులని హదీసు చెబుతోంది (బుఖారీ, ముస్లిం). ఇరవై రాసి రెండు చేయడం కన్నా నాలుగు రాసి నాలుగూ చేయడం మేలు. రేపు చేస్తానన్న ప్రతి పనినీ అల్లాహ్ చిత్తంతో ముడిపెట్టాలని కహఫ్ సూరా (23-24) నేర్పుతోంది. పేజీ పైన ‘ఇన్షా అల్లాహ్’ అని రాసేది అలంకారానికి కాదు. పథకం మనది, నిర్ణయం ఆయనది అని గుర్తుండడానికి.

కాగితమా, ఫోనా?

షరీఅత్ దృష్టిలో రెండూ సాధనాలే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) దైవప్రవక్త (సఅసం) మాటలను రాసుకునేవారు. ఖురైష్‌కు చెందిన కొందరు వద్దన్నప్పుడు ఆయన మానేసి, విషయం దైవప్రవక్త (సఅసం)కు విన్నవించారు. రాయమనే ఆదేశం వచ్చింది (అబూదావూద్). ఆ రోజుల్లో తోలు, ఎముకలు. తర్వాత కాగితం. నేడు ఫోను. మారనిది ఒక్క అమానతే.

రోజువారీ పనులకు, గుర్తుచేసే అలారానికి ఫోను బాగా పనికొస్తుంది. బాకీలు, వసీయత్, అమానత్‌లకు మాత్రం కాగితం తప్పనిసరిగా ఉంచండి. ఫోను పోవచ్చు, తాళం సంఖ్య మీతోనే సమాధికి వెళ్ళిపోవచ్చు. కాగితం మీద సాక్షులు సంతకం చేయగలరు. ఫోన్‌పే, గూగుల్ పేలలో పంపిన సొమ్ముకు తేదీ, మొత్తం ఉంటాయి గాని, అది అప్పా, కానుకా, పాత బాకీ చెల్లింపా అన్నది చాలాసార్లు ఉండదు. ఆ ఒక్క ముక్క అదే రోజు రాసుకోవాలి. పుస్తకం ఎక్కడుందో భార్యకో, పెద్ద కొడుకుకో, కూతురుకో తప్పక తెలియాలి.

ఇషా తర్వాత పది నిమిషాలు

రేపటి కోసం ఏమి పంపుకున్నదీ ప్రతి వ్యక్తీ చూసుకోవాలని అల్లాహ్ ఆదేశించాడు (హష్ర్ : 18). ఇషా నమాజు తర్వాత పుస్తకం తెరవండి. మొదటి పేజీలో కొత్త బాకీ చేరిందా? ఏదైనా తీరిందా? తీరితే అప్పు ఇచ్చినవారి ముందే కొట్టివేయించండి. మిగిలిన పనులను రేపటికి మార్చండి. ఒక జాగ్రత్త. పాపాల జాబితా రాసిపెట్టకండి. అల్లాహ్ కప్పి ఉంచిన తప్పును స్వయంగా బయటపెట్టుకోవడాన్ని హదీసు తీవ్రంగా ఖండించింది (బుఖారీ). వాటికి పుస్తకం వద్దు, తౌబా కావాలి. చేసిన దానధర్మాలను గొప్పగా రాసి ఇతరులకు చూపించడమూ వద్దు. వాటిని రాసేవారు వేరే ఉన్నారు.

సోదరులారా, సోదరీమణులారా! ఖరీదైన డైరీ అవసరం లేదు. పిల్లల నోటుపుస్తకంలో మిగిలిన పేజీలు చాలు. ఈ రాత్రే మొదటి పేజీ తీసి, మీరు ఎవరికి ఎంత ఇవ్వాలో రాయండి. పక్కన తేదీ వేయండి. ఇంట్లో ఒకరికి చూపించండి. రెండు రాత్రులు గడవకముందే ఈ పని పూర్తి కావాలి.

ఇతరుల హక్కులు మన మెడకు చుట్టుకోకముందే వాటిని తీర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన కర్మల చిట్టాను మన కుడిచేతికి అందించుగాక! ఆమీన్.