అన్నయ్య కాలి గురించి

మల్లేశ్వరం, బెంగళూరు

శ్రీనూ,

నీ ఉత్తరం చదివాక నిద్ర పట్టలేదురా. రాత్రిళ్లు కాలు మంచం కిందికి వేలాడేస్తే గానీ మా అన్నయ్యకి నొప్పి తగ్గడం లేదన్నావు, బొటనవేలు నల్లబడిందన్నావు. అది వయసు నొప్పి కాదు నాన్నా, కాలికి రక్తం అందడం లేదు. వేడినీళ్ల కాపడం పెట్టకండి. హిందూపురంలో కట్లు మార్పించుకుంటూ కూర్చోక వెంటనే ఇక్కడికి తీసుకురా. జయదేవ ఆసుపత్రి ఉంది, వసంతనగర్ జైన్ ఆసుపత్రిలో ఈ రక్తనాళాల జబ్బులకే ప్రత్యేక సంస్థ ఉంది.

‘బైపాస్‌కి ఎంత ఖర్చయినా మంచి కంపెనీ కృత్రిమ గొట్టమే వేయిస్తా’ అని రాశావు. నీ మనసు నాకు తెలుసు. కానీ అంతకన్నా మంచిది ఆయన ఒంట్లోనే ఉండొచ్చు. చీలమండ నుంచి గజ్జ దాకా కాలి లోపలివైపు ఒక సిర ఉంటుంది. గుండె బైపాస్‌కి తీసేదీ అదే. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జన్ తొడ నుంచి మోకాలి వెనక్కి బైపాస్ వేసిందీ ఆ సిరతోనే. డేక్రాన్, టెఫ్లాన్ గొట్టాలు తర్వాత వచ్చాయి. మోకాలికి పైనే కలిపితే గొట్టం ఫరవాలేదు. కింద కలపాల్సి వస్తే సిర కన్నా తొందరగా పూడుకుపోతుంది. చీము పట్టిందా, తీసేయాల్సిన గతి కూడా పడుతుంది. 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలోనూ, మంచి సిర ఉన్నవాళ్లకి బెలూన్, స్టెంట్ల కన్నా బైపాసే మేలని తేలింది. సిర పనికిరాదని స్కాన్‌లో తేలితే మాత్రం గొట్టానికి భయపడొద్దు. కాలు పోగొట్టుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఇక అన్నయ్య బీడీ. సిర వేసినా, గొట్టం వేసినా బీడీ మానకపోతే పూడుకుపోయే ముప్పు పెరుగుతుంది. నేను నర్సు ట్రైనింగులో ఉండగా మగవాళ్ల వార్డులో వేళ్లు కుళ్లిన కుర్రాళ్లు ఉండేవాళ్లు, అందరూ బీడీలు కాల్చేవాళ్లే. కట్టు విప్పుతుంటే దుప్పటి నోట్లో కుక్కుకునేవాడు ఒకడు. వాడి దిండు కింద బీడీ కట్ట దొరికితే తీసేశాను. ‘సిస్టర్, ఇంకో వేలు కోసెయ్యండి, అది మాత్రం ఇచ్చెయ్యండి’ అని చేతులు పట్టుకున్నాడు. పాతికేళ్లు కూడా లేవు వాడికి. అన్నయ్య జేబులు, గూట్లో డబ్బా, దొడ్లో రాతి సందు అన్నీ వెతుకు. కోప్పడితే అత్తయ్య చెప్పిందను. నన్ను ట్రైనింగుకి పంపడానికి మా నాన్నతో పోట్లాడి, నా ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండు దాకా నడిచిన కాళ్లవి.

ఆపరేషనయ్యాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర డాక్టరు చెప్పనిదే ఆపొద్దు. కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పెడితే తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నువ్వూ వేళకి తింటున్నావా? ఉత్తరంలో అక్షరాలు వణికాయి.

స్టేషన్‌కి నేనే వస్తాను. ఆపరేషన్‌కి సంతకం పెట్టేముందు సర్జన్‌ని ఒక్క మాట అడుగు: ‘సిర చూశారా?’ అని.

మీ అత్తయ్య