కాలువ నేర్పిన పద్ధతి

కర్నూలు–కడప కాలువ సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి, దాదాపు 300 కిలోమీటర్లు సాగి కడపను చేరుతుంది. నీరు అందనప్పుడు రైతు ముందుగా నదిని నిందించడు. తన మడవ నుండి పిల్లకాలువ వెంట పైకి నడుస్తూ అడ్డును వెదుకుతాడు. ఇంటిలో వైఫై నిలిచిపోయినప్పుడు మనము అనుసరించవలసిన పద్ధతి కూడ ఇదియే.

మొదట మరొక ఫోనులో చూడవలెను. అందులో అంతర్జాలము వచ్చినచో లోపము మొదటి ఫోనుదే. రెండింటిలోను రాకున్న, రౌటరు చెంతకు పోయి చూడవలెను. అక్కడ వచ్చినచో అడ్డు గోడలదే. మన ప్రాంతపు మందమైన రాతిగోడలు రేడియో తరంగాలను క్షీణింపజేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ కంటె 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను మేలుగా దాటుతాయి. కనుక రౌటరును ఇంటి నడుమ, ఎత్తున ఉంచుట మంచిది.

చెంతనున్నను రాకున్న, రౌటరుకు విద్యుత్తును ఆపి అరనిమిషము తరువాత మరల ఇవ్వవలెను. అప్పటికిని ఫైబరు పెట్టెపై ‘లాస్’ దీపము ఎర్రగా వెలుగుచున్నచో, వెలుతురు ఆ పెట్టెకు చేరుట లేదని గ్రహించి, సేవాసంస్థకు తెలుపవలెను.

రౌటరు వెనుక సన్నని రంధ్రములోని మీటను మాత్రము తొందరపడి నొక్కరాదు. అది అమరికలన్నిటినీ చెరిపివేస్తుంది. పరీక్షరుసుము గడువు ముగియు రాత్రి ఆ తొందరపాటు విద్యార్థికి ఒక సంవత్సరమును దూరము చేయవచ్చును. అడ్డు ఎక్కడున్నదో తెలిసిన పిదపనే పార పట్టవలెను.