వేరుశనగ పిండము - ఒక చిన్న కలుపు మొక్క

అనంతపురం పీఠభూమిలో పుట్టి పెరిగిన విద్యార్థులకు వేరుశనగను పరిచయం చేయనక్కరలేదు. తెలుగువారి ఇండ్లలో శనక్కాయ అనీ, ఉర్దూ మాట్లాడేవారి ఇండ్లలో మూంగ్‌ఫలీ అనీ పిలువబడే ఈ పంట మన రైతుకు దశాబ్దాలుగా ఆధారం. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ ఎర్రనేలలలో, చేను పచ్చగా ఉండి కూడా కాయ పట్టని సంవత్సరాలు మనకు తెలియనివి కావు. ఈ నష్టంలో కొంత భాగం పిండాభివృద్ధికి సంబంధించినది. అట్టి విషయాన్ని శాస్త్రజ్ఞులు ఏ విధంగా పరీక్షింతురో ఈ వ్యాసంలో వివరింపదలచాము.

వేరుశనగ పువ్వు నేలపైన పూస్తుంది. కాయ నేలలోపల కాస్తుంది. ఫలదీకరణం జరిగిన పిమ్మట పిండం కొద్ది కణాలుగా విభజన చెంది నిలిచిపోతుంది. అండాశయం క్రింది భాగం పొడవుగా సాగి ఊడగా మారి, తన కొనయందు ఆ పిండాన్ని మోసికొని నేలలోనికి దిగుతుంది. అక్కడి చీకటి, మట్టి స్పర్శ లభించిన తరువాతనే పిండం తిరిగి పెరుగుతుంది. ఊడలు దిగే సమయంలో వాన ముఖం చాటేస్తే నేల గట్టిపడుతుంది, ఊడ దిగలేదు, పిండం నశిస్తుంది. దిగిన ఊడకు సైతం కాల్షియం చాలకపోతే కాయ తాలుగా మిగులుతుంది. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని వ్యవసాయశాఖవారు చెప్పడంలోని రహస్యం ఇదే.

పిండాన్ని నడిపించే జన్యువులను వేరుశనగలోనే పరీక్షింపరాదా అని ప్రశ్న రావచ్చును. వేరుశనగ రెండు అడవిజాతుల కలయికవలన ఏర్పడినది. దానికి 20 జతల క్రోమోసోములు కలవు. పెక్కు జన్యువులకు రెండేసి ప్రతులున్నవి. ఒక ప్రతిని పనిచేయకుండ చేసినా, రెండవది ఆ పనిని నెరవేర్చవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కను ఆశ్రయించారు. దీనికి 5 జతల క్రోమోసోములే ఉన్నవి. సుమారు రెండు నెలలలోపే విత్తనంనుండి తిరిగి విత్తనం వరకు దీని జీవితం పూర్తవుతుంది. దీని సంపూర్ణ జన్యుక్రమం 2000 సంవత్సరంలోనే వెలువడినది. సాగు వేరుశనగ జన్యుక్రమం 2019లో గాని రాలేదు.

పరీక్షా విధానం ఇది. అరాబిడాప్సిస్‌లో లెక్-1 అనే జన్యువు పిండానికి ముఖ్యమైనది. అది చెడిన మొక్క విత్తనాలలో బీజదళాలమీద ఆకులకుండే నూగు పుడుతుంది. విత్తనం ఎండగానే పిండం చనిపోతుంది. ఎండకముందే పచ్చివిత్తనంనుండి పిండాన్ని తీసి పోషక మాధ్యమంలో ఉంచినచో మొక్క బ్రతుకుతుంది. అట్టి మొక్కలోనికి పంటమొక్క జన్యువును ఆగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి సహాయంతో ప్రవేశపెడతారు. ఆ తరువాతి విత్తనాలు ఎండియు మొలకెత్తినచో, రెండు జన్యువులూ ఒకే పని చేయగలవని తేలినట్లే. 2004లో క్యారట్ జన్యువొకటి ఈ పరీక్షలో నెగ్గినది. అంతకుముందు 2002లో, రేప్ ఆవాలనుండి తీసిన బేబీ బూమ్ అనే జన్యువును అరాబిడాప్సిస్‌లో అధికంగా పనిచేయించగా, ఫలదీకరణం లేకుండానే లేతమొక్కలమీద పిండాలు మొలిచినవి.

ఏ పరీక్షలోనైనను పోలిక అవసరం. జన్యువు చెడిన మొక్క, జన్యువు లేని ఖాళీ వాహకాన్ని పొందిన మొక్క, ఆరోగ్యవంతమైన మొక్క - ఈ మూడింటినీ ప్రక్కప్రక్కనే పెంచి చూడనిదే ఫలితాన్ని నమ్మరాదు.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు కలదు. అరాబిడాప్సిస్‌కు ఊడ లేదు. దాని కాయ గాలిలోనే పండుతుంది. జన్యువునకు పిండాన్ని నిర్మించే శక్తి ఉన్నదా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పగలదు. వెలుగులో ఆగిన పిండం చీకటిలో ఎందుకు మేల్కొంటుందన్న ప్రశ్నకు మాత్రం వేరుశనగనే అడగవలెను. చిన్నమొక్కలో నెగ్గినంతమాత్రాన రైతు కష్టం తీరిపోదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు అరాబిడాప్సిస్ జన్యువునే వేరుశనగలో ప్రవేశపెట్టి, నీటి ఎద్దడిలో దాని ప్రవర్తనను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అయినను జన్యుమార్పిడి వేరుశనగ మన దేశంలో ఇంతవరకు రైతుల చేలకు విడుదల కాలేదు. ప్రయోగశాలకు, చేనుకు నడుమ దూరం అంతటిది.

తోటి విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ఒక కుండలో వేరుశనగ మొక్కను పెంచండి. కొన్ని ఊడలను మట్టిలోనికి దిగనిచ్చి, కొన్నింటిని మట్టి తాకకుండ దారంతో పైకి కట్టి ఉంచండి. నాలుగు వారాల తరువాత రెండింటినీ కోసి పోల్చండి. ఖర్చు స్వల్పం; ప్రశ్న గొప్పది. దిగినచోట కాయ, దిగనిచోట ఎండిన కాడ కనబడగలవు. మన జిల్లా రైతు ప్రతి ఏటా ఆకాశంవైపు ఎందుకు చూస్తాడో ఆ రెండింటి తేడాయే చెప్పగలదు. కళాశాల కమిటీ పెద్దలు ఇట్టి ప్రయోగాలకు ఒక మంచి సూక్ష్మదర్శిని సమకూర్చినచో, రాబోవు తరగతులవారు మాకంటె లోతుగా చూడగలరని విశ్వసిస్తున్నాము.